గనక పాట

జూన్ 3, సోమవారం

ఆఫీసులో నేను రాసే ప్రతి ముక్కనీ ఎవరో ఒకరు చదివి, ఎర్ర సిరాతో గీతలు గీసి వెనక్కి పంపుతారు. ఎవరూ గీత గీయని కాగితం నాకూ ఒకటుండాలనిపించి ఈ డైరీ కొన్నాను. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాక, అత్తయ్య టీవీ ముందు కూర్చున్నప్పుడు రాసుకుంటాను.

ఇవాళ తాత్పర్యం పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటే పెద్ద పనే. చిన్న పనులైతే గుమ్మంలో నిలబెట్టే చెప్తాడు. మా ట్రస్టుకి ఆయన డైరెక్టరు. ఎంత లావు రిపోర్టు తీసుకెళ్ళి ముందు పెట్టినా తెరవకుండానే "తాత్పర్యం చెప్పండి" అంటాడు కాబట్టి ఆ పేరే ఖాయమైంది.

"కాలేజీలో సంగీతం చదివే పిల్లలకి ఇన్నేళ్ళుగా గ్రాంట్లు ఇస్తున్నాం. ఏం ఫలించాయో ఎవరికీ తెలీదు. కొలవండి. వచ్చే నెల బోర్డు మీటింగు. ఫలితం లేదని తేలితే ఆపేసి, ఆ డబ్బుతో కంప్యూటర్ల గది కట్టిస్తారు."

"సంగీతాన్ని ఎలా కొలుస్తామండీ?"

"అది మీ పని. నాకు ఒక్క అంకె చాలు."

నాకు సంగీతంలో స రి తర్వాత ఏమొస్తుందో కూడా తెలీదు. మంచిదే. ఎటూ మొగ్గకుండా కొలుస్తాను. ఆపేస్తారా, ఉంచుతారా అన్నదాంతో నాకేం సంబంధం, నేను లెక్కపెట్టేదాన్ని.

ఇంటికొచ్చి అన్నాల దగ్గర ఈ సంగతి చెప్పడం నా బుద్ధి తక్కువ. మా ఆయన ముద్ద కలపడం ఆపి, పైకి చూసి, "నాకే గనక ఆ రోజుల్లో ఇలాంటి గ్రాంటు ఒకటి వచ్చుంటే..." అని అందుకున్నారు. తర్వాత వచ్చేవన్నీ నాకు కంఠతా వచ్చు. పెద్ద పెద్ద హాళ్ళు, నిండిన కుర్చీలు, చప్పట్లు. చివర్లో ఒక నిట్టూర్పు, "ఏం చేస్తాం, ఇలా కళ్ళజోళ్ళ కొట్లో మరలు బిగించుకుంటూ కూర్చున్నాను" అని. దీన్ని మేం గనక పాట అంటాం. గనక అన్న మాట చెవిన పడగానే అత్తయ్య చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి వెళ్ళి టీవీ సౌండు పెంచుతుంది.

నాకేం చిరాకు లేదు. అలవాటైపోయింది.

జూన్ 5, బుధవారం

ఇంటింటికీ తిరిగి అడిగే తీరిక లేదు. గ్రాంటు తీసుకుని చదువు ముగించిన వాళ్ళందరికీ ఫోన్లు వాటంతటవే వెళ్ళే ఏర్పాటు చేశాం. గొంతు నాది. మాటలూ నావే. ఒక్క ప్రశ్నకి మించకూడదని తాత్పర్యం ముందే కట్టడి చేశాడు.

"నమస్కారం. కాలేజీలో సంగీతం చదివేటప్పుడు మీరు మా ట్రస్టు సాయం అందుకున్నారు. ఇప్పటికీ వాయిస్తున్నారా? వాయిస్తుంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి."

ఇంట్లో చదివి వినిపించాను. అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "రైలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పేదానిలా ఉన్నావమ్మాయ్" అంది.

జూన్ 6, గురువారం

కాల్స్ వెళ్తున్నాయి. నా గొంతు ఊరంతా తిరుగుతోంది. నేను మాత్రం ఫ్యాను కింద కూర్చున్నాను.

జూన్ 10, సోమవారం

నాలుగింట మూడు వంతుల మంది రెండు నొక్కారు.

తాత్పర్యం మొహం వెలిగిపోయింది. ఆయనకి సంగీతం మీద కోపమేం లేదు, తేటగా ఉన్న అంకె ఏదైనా సరే ఆయనకి ఇష్టం. "చూశారా, ఒక్క వాక్యంలో తేలిపోయింది. వాయించడం మానేశారు. కంప్యూటర్ల గది."

సరే అన్నాను. లెక్క లెక్కే.

మధ్యాహ్నం వయొలిన్ పిల్ల వచ్చింది. ఇప్పుడు కాలేజీలో రెండో ఏడు, గ్రాంటు మీదే చదువుతోంది. ఫీజు రసీదు చూపించడానికి వచ్చినప్పుడల్లా వయొలిన్ పెట్టెని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కింద పెట్టమన్నా పెట్టదు.

"వచ్చే ఏడాదికి గ్రాంటు ఉంటుందా అండీ?"

"ఉంటుందిలే" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నా చేతిలో లేని మాట అది.

"లేకపోయినా ఫర్వాలేదు లెండి. మా పిన్నికి బట్టల కొట్టుంది. వచ్చి కూర్చోమంటోంది." నవ్వుతూనే అంది. పెట్టె మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఈ పిల్ల కూడా ఏదో ఒక రోజు అన్నాల దగ్గర, ముద్ద కలపడం ఆపి, పైకి చూస్తుంది. ఆ ఇంట్లో కూడా ఎవరో రిమోట్ అందుకుంటారు. నాకేం సంబంధం గానీ, బస్సులో వస్తున్నంతసేపూ అదే మెదిలింది.

జూన్ 12, బుధవారం

పొద్దున్నే ఆఫీసుకి ఫోను. ఎవరో పెద్దావిడ. ఎత్తగానే ఉతికి ఆరేసింది.

"రైలు స్టేషన్లో మాట్లాడినట్టు మాట్లాడింది మీరేనా? మావాడు ఇప్పటికీ వాయిస్తున్నాడా అని అడుగుతారా? మావాడు ఎప్పుడూ ఎవర్నీ వాయించలేదు. చిన్నప్పుడు బడిలో కూడా దెబ్బలు తిని వచ్చాడే గానీ చెయ్యెత్తలేదు. ఇప్పటికీ అంటే ఏమిటి అర్థం? ఇదివరకు వాయించేవాడనేగా?"

"అయ్యో, అది కాదండీ. వాయించడమంటే, సంగీతం..."

"సంగీతమైతే పాడతాడమ్మా. బ్రహ్మాండంగా పాడతాడు. కాలేజీలో పాఠాలు కూడా చెప్తున్నాడు. వాయించడం ఏమిటి, పాడేవాడు?"

"మరి ఏది నొక్కారండీ?"

"ఫోనెత్తింది నేనే. రెండు నొక్కాను. నొక్కనా మరి?"

ఫోను పెట్టేశాను. తర్వాత పాత దరఖాస్తులు తిరగేశాను. గ్రాంటు తీసుకున్న వాళ్ళలో ఎక్కువమంది గాత్రమే. నిజాయితీపరులు. వాయిస్తున్నారా అంటే లేదన్నారు. నేను వాళ్ళనందర్నీ సంగీతం మానేసినవాళ్ళ కింద జమ కట్టి కంప్యూటర్ల గదికి పునాది తవ్వేశాను.

తాత్పర్యం దగ్గరికి వెళ్ళి నీళ్ళు నమిలాను.

"పాడేవాళ్ళు వాయించరా?" అన్నాడు.

"వాయించరండీ. పాడతారు."

"ఈ ముక్క ముందే తట్టాలిగా మీకు?"

"రికార్డింగు మీరూ విన్నారుగా సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మురికేం లేదు. మా ఆయన కొట్లో కొన్నదే, నాకు తెలుసు. మళ్ళీ కాల్స్ పంపమన్నాడు.

జూన్ 14, శుక్రవారం

"పాడడమో, వాయించడమో, ఏదో ఒకటి చేస్తున్నారా?" అని మార్చి రికార్డు చేశాను. ఈసారి అత్తయ్య మెచ్చుకుంది. "ఇప్పుడు రైలు వచ్చేస్తోందని చెప్పినట్టుంది."

జూన్ 19, బుధవారం

సగం కంటే ఎక్కువ మంది ఒకటి నొక్కారు. పట్టలేని సంతోషంతో కింద క్యాంటీన్లో అందరికీ టీ ఇప్పించాను. ఎందుకిప్పిస్తున్నారని అడిగితే నా పుట్టినరోజన్నాను. ఇప్పుడు నిజం పుట్టినరోజుకి కూడా ఇప్పించాలి.

తాత్పర్యం మాత్రం పొంగిపోలేదు. "బాగానే ఉంది. మరి మానేసిన వాళ్ళ సంగతో? వాళ్ళకిచ్చింది బూడిదలో పోసినట్టేగా. బోర్డు అక్కడే పట్టుకుంటుంది."

ఆయన అడిగింది నిజమే.

"వెళ్ళి ఒకరిద్దర్ని కలిసి రండి. ఎందుకు మానేశారో కనుక్కోండి" అన్నాడు.

జూన్ 21, శుక్రవారం

లాండ్రీ. అతను ఒకప్పుడు మా గ్రాంటుతో ఫ్లూటు చదివాడు. ఇప్పుడు సొంతంగా లాండ్రీ పెట్టుకున్నాడు. లోపల ఆవిరి, సబ్బు వాసన, మూల షెల్ఫులో రేడియో. నేను ఎవరో చెప్పగానే ఇస్త్రీపెట్టె నిలబెట్టి, "అమ్మో, రెండు నొక్కానని పట్టుకోడానికి వచ్చారా?" అన్నాడు.

"అదేం లేదండీ. ఎందుకు మానేశారో తెలుసుకుందామని. బాధగా లేదా మీకు?"

"ఎందుకండీ బాధ? కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఒళ్ళొంచి నేర్చుకున్నాను. మా మాస్టారు బంగారంలాంటి మనిషి. నా పక్కన కూర్చునేవాడు ఫ్లూటు ఎత్తితే క్లాసంతా ఊపిరి బిగబట్టేది. నేనెత్తితే అందరూ కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. మొదట్లో కుళ్ళుకున్నాను. ఆఖరికి, వాడు వాయిస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. అప్పుడు తెలిసొచ్చింది, నాది వినే పని అని."

చొక్కా కాలరు తిప్పి నీళ్ళు చిలకరించాడు.

"ఇప్పుడు పాటంటే చెవి కోసుకుంటాను. అప్పుడైతే నా ఫ్లూటు గోలే నాకు సరిపోయేది."

"అసలు ఆ గ్రాంటు రాకపోయుంటే?"

అతను పెద్దగా నవ్వాడు. "ఈపాటికి మా ఆవిడ పుట్టింటికి పోయేది. 'నాకే గనక ఆ రోజుల్లో అవకాశం వచ్చుంటే' అని పొద్దస్తమానం దాని బుర్ర తినేవాణ్ణి కాదూ?"

నేను చేతిలో సంచీ జారవిడిచాను. పక్కనే ఇస్త్రీ చేసి పేర్చిన దుప్పట్ల మీద పడింది. పాపం, మళ్ళీ మడతపెట్టుకున్నాడు.

జూన్ 22, శనివారం

మా ఆయన కొట్టుకి వెళ్ళాక అత్తయ్య పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, ఈయన్ని సంగీతం ఎందుకు చదివించలేదు? నిజంగా డబ్బు లేకేనా?"

అత్తయ్య టీవీ ఆపేసింది. ఆవిడ టీవీ ఆపడం నేను చూసింది చాలా తక్కువ.

"గొంతు లేదే తల్లీ వాడికి" అంది. "మీ మామయ్య ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ మహానుభావుడు కాసేపు విని, కళ్ళు మూసుకుని, 'పిల్లవాడు చాలా వినయంగా ఉన్నాడండీ' అన్నాడట. ఇంకేం అనలేదట. దారంతా వీడు, నేను బాగా పాడానా నాన్నా అని అడుగుతూనే ఉన్నాడట. ఆ మొహం చూసి ఎలా చెప్తాం? డబ్బు లేదన్నాం."

"ఉందా?"

"కాస్త ఇబ్బంది పడాల్సొచ్చేది. ఉంది." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "లేదంటే ఓ వారం ఏడ్చి మర్చిపోతాడనుకున్నాం. ఇలా జీవితమంతా పాడతాడని ఎవరికి తెలుసు? నువ్వు చెప్పకు."

"నేనెందుకు చెప్తానత్తయ్యా. నాకేం సంబంధం."

జూన్ 24, సోమవారం

కొత్త ప్రశ్న తీసుకుని తాత్పర్యం దగ్గరికి వెళ్ళాను. "'నాకే గనక సంగీతం చదివే అవకాశం సరిగ్గా వచ్చుంటే' అని మీరు అంటుంటారా? అంటుంటే ఒకటి నొక్కండి. లేకపోతే రెండు నొక్కండి."

"ఇదేం ప్రశ్న?"

లాండ్రీ సంగతి చెప్పాను. పాడేవాళ్ళు పాడతారు, మానేసినవాళ్ళు మానేస్తారు, కానీ ఇద్దరికీ ఆ మాటతో పని ఉండదు, గ్రాంటు చేసిన మేలు అదేనని వాదించాను. నేను వాదించడం ఆయనకి కొత్త. నాకూ కొత్తే.

ఆయన టేబుల్ మీద వేళ్ళతో కొట్టాడు. "గ్రాంటు వచ్చినవాళ్ళందరూ రెండే నొక్కుతారనుకుందాం. దాంతో ఏం తేలుతుంది? దరఖాస్తు పెట్టుకుంటే మనం ఇవ్వనివాళ్ళు కూడా ఉన్నారుగా. వాళ్ళనీ ఇదే అడగండి. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అప్పుడది కొలత."

ఈ మనిషి బుర్ర చూస్తే ఒక్కోసారి ముచ్చటేస్తుంది.

కాల్స్ సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూడ్డానికి ఒక నంబరు కావాలి. మా ఇంటి నంబరు ఇచ్చాను, గ్రాంటు రానివాళ్ళ వరసలో. పరీక్ష కోసమే. ఇంకేం లేదు.

జూన్ 26, బుధవారం

సాయంత్రం హాల్లో ఫోను మోగింది. మా ఆయనే ఎత్తారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఫోన్లోంచి నా గొంతు వినపడగానే ఆయన తలెత్తి నావైపు చూశారు. నేను నోరు తెరవలేదు, ఫోన్లో మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను. చివరిదాకా విన్నారు. రెండోసారి కూడా విన్నారు. తర్వాత నెమ్మదిగా ఒకటి నొక్కి పెట్టేశారు.

"ఈ ప్రశ్న ఎవరు రాశారు?"

"నేనేనండీ."

"ఊఁ. అబద్ధమెందుకు చెప్పాలి, అంటుంటాగా" అన్నారు.

అన్నాల దగ్గర పాట లేదు. ఏదో మాటకి నోరు తెరిచి మళ్ళీ మూసేశారు. అత్తయ్య రిమోట్ పట్టుకుని ఎదురుచూసి, చూసి, పక్కన పెట్టేసింది. ఆయన ఫోనెత్తితే భలే నవ్వుకోవచ్చనుకున్నాను. గిన్నెలు తోముతూ ఏడ్చాను.

జూన్ 27, గురువారం

ఇవాళా లేదు. నాకు చిరాకు లేదని రాశాను గానీ, చచ్చేంత చిరాకు ఉండేది. ఇప్పుడదే కావాలనిపిస్తోంది.

జూన్ 30, ఆదివారం

పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యారు. "మ్యూజిక్ కాలేజీలో పెద్దవాళ్ళకి ఆదివారం క్లాసులున్నాయట. వెళ్ళొస్తా" అన్నారు. మేం ఏదైనా అనేలోపే మెట్లు దిగిపోయారు.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు తెలిసిపోతుందే."

ఇద్దరం పరీక్షా ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చున్నాం. టీవీలో ఏం వస్తోందో ఇద్దరికీ తెలీదు.

వచ్చారు. చెప్పులు విప్పారు. మంచినీళ్ళు తాగారు. ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయనే చెప్పారు.

"మాస్టారు కుర్రవాడే. వాళ్ళమ్మగారు మీ ఆఫీసుకి ఫోన్ చేసి తిట్టారటగా, ఆ కుర్రవాడు. బంగారంలా పాడతాడు. నన్ను పాడమన్నాడు. పాడాను. కళ్ళు మూసుకుని విన్నాడు. విని, 'మీరు చాలా వినయంగా ఉన్నారండీ' అన్నాడు."

అత్తయ్యకి పొలమారింది. నేను వీపు నిమిరాను.

"అమ్మా, నాకు గొంతు లేదమ్మా" అన్నారాయన.

"అవునా నాన్నా?" అంది అత్తయ్య, కళ్ళింతలు చేసి.

ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. "భలే ఆశ్చర్యపోయావే" అన్నారు. అని నవ్వడం మొదలుపెట్టారు. ఆగితే ఒట్టు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అత్తయ్య కూడా ఏడుస్తూ నవ్వింది. నాకు మాత్రం ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా బిగుసుకుపోయున్న కిటికీ ఏదో తెరుచుకున్నట్టనిపించింది.

జూలై 8, సోమవారం

బోర్డు మీటింగు. గ్రాంటు వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ రెండు నొక్కారు, పాడేవాళ్ళూ, వాయించేవాళ్ళూ, మానేసినవాళ్ళూ కలిపి. రానివాళ్ళలో చాలామంది ఒకటి. కొందరు ఒకటి నొక్కి ఊరుకోక, మళ్ళీ మళ్ళీ నొక్కారట.

రికార్డింగు వినిపించాను. అధ్యక్షురాలు పెద్దావిడ, ఎప్పుడూ నవ్వగా చూడలేదు. ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టి, "నాకే గనక చిన్నప్పుడు ఈత నేర్పించుంటే" అంది. ఆమె పక్కనున్నాయన బొమ్మలు వేసే సంగతి ఎత్తుకున్నాడు. ఆ పక్కనాయన విమానం నడపడం దాకా వెళ్ళాడు. ఎవరి గనక వాళ్ళు పాడుకుంటున్నారు. ఆపేవాళ్ళు లేరు.

ఆఖరికి తాత్పర్యం గొంతు సవరించుకున్నాడు. "తాత్పర్యం ఏమిటంటే, ఈ గదిలో అందరం ఒకటి నొక్కేవాళ్ళమే. రెండు నొక్కేవాళ్ళని తయారుచేస్తున్నది ఈ గ్రాంటే."

సంగీతం గ్రాంట్లు కొనసాగుతాయి. కంప్యూటర్ల గదికి వేరే దారి చూసుకుంటారట.

బయట బెంచీ మీద వయొలిన్ పిల్ల ఉంది. చెప్పాను. పెట్టెని ఒళ్ళోంచి తీసి బెంచీ మీద పెట్టి, రెండు చేతులతో నన్ను గట్టిగా పట్టుకుంది. నాకేం సంబంధం అని ఇక రాయను. ఉంది.

జూలై 14, ఆదివారం

మళ్ళీ క్లాసుకి తయారు.

"రాదని తేలిపోయిందిగా, మళ్ళీ ఎందుకండీ?"

"తేలిపోయాక పాడుతుంటే భలే హాయిగా ఉందే. వెనక వరసలో కూర్చోబెట్టాడు. పక్కవాళ్ళ గొంతులో మన గొంతు కలిసిపోతుంది."

సెప్టెంబరు 15, ఆదివారం

చాలా రోజులైంది రాసి. రాయాల్సినంత బాధేం లేకపోయింది.

బోర్డు చెప్పినట్టు ఆ ప్రశ్న అప్పుడప్పుడూ మళ్ళీ అడుగుతున్నాం. రానివాళ్ళ వరసలోంచి మా ఇంటి నంబరు తీసెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయాననే అనుకుంటున్నాను.

ఇవాళ ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా హాల్లో ఫోను మోగింది. ఎత్తారు. నా గొంతు పూర్తి కాకుండానే ఏదో నొక్కేసి పెట్టేశారు.

"ఎవర్రా?" అంది అత్తయ్య.

"నీ కోడలే. క్లాసుకి టైమైంది గనక రెండు నొక్కేసి పెట్టేశాను."

గనక అన్న మాట వినగానే అత్తయ్య చెయ్యి రిమోట్ మీదికి వెళ్ళింది. అప్పటికే ఆయన గొంతెత్తి, ఒక్క స్వరం కూడా సరిగ్గా పలకకుండా, పాడుకుంటూ మెట్లు దిగుతున్నారు. అత్తయ్య వేలు బటను మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసింది. ఆయన వీధి చివర మలుపు తిరిగేదాకా ఇద్దరం అలాగే వింటూ కూర్చున్నాం.